కెటిల్ దగ్గరి నవ్వు

పాత మూట కట్టేశాకే కొత్త మూట విప్పాలంటారు మా వ్యాపారంలో. కాబట్టి కథ ఎక్కడ ఆగిందో ముందు చెప్తాను.

నాది పాత ఇనుము వ్యాపారం. మా ఆవిడ తమ్ముడు, నా బావమరిది, ఆర్టిస్టు. నా యార్డు వెనకున్న పెద్ద రేకుల షెడ్డు వాడిది. గుప్పిట్లో ఇమిడే వస్తువును తెచ్చి ఇల్లంత చెయ్యడం వాడి పని. పిన్నీసు, కుళాయి, చొక్కా గుండీ, ఏదైనా సరే. చిన్నదాని మీద గీత ఉంటే పెద్దదాని మీద కాలవ ఉంటుంది, అంత నికార్సుగా చేస్తాడు. చూడ్డానికొచ్చినవాళ్ళు ముందు నోరు తెరుస్తారు, తర్వాత నవ్వుతారు. కిలోల లెక్కన కొని నవ్వుల లెక్కన అమ్మే వ్యాపారం లోకంలో ఇదొక్కటేనని నేను వాణ్ణి ఏడిపించేవాణ్ణి. "నీ తుక్కుకి మోక్షం ఇస్తున్నాను, దండం పెట్టుకో బావా" అనేవాడు. షెడ్డులో మనుషుల్ని నడిపేది మాత్రం మా ఆవిడ. ఎవరికి ఏ పని, ఎవరికి ఎప్పుడు టీ, అంతా ఆమె నోటి మాట మీద సాగుతుంది. అందరికీ ఆమె అక్క.

కూడలిలో నిలబెట్టడానికి వాడు చేసిన ఇల్లంత టీ కెటిల్ పడిపోయిన సంగతి మీకు తెలుసు. దాని పిడి ఉత్త రేకు. లోపల గాలి తప్ప ఏమీ లేదు. పిడి ఉండాలి కాబట్టి ఉంది, అంతే. దాన్ని ఎత్తాలంటే మూత తీసి, లోపల దూలానికి అతికించిన రింగులకి కొక్కేలు తగిలించాలి. ఆ రోజు కొక్కెం పిడికి తగిలింది. కెటిల్ మిద్దె ఎత్తు లేచాక పిడి ఊడి వచ్చింది. కింద చిన్నోడు ఉన్నాడు. పేరుకి చిన్నోడు గానీ ఇద్దరు పిల్లల తండ్రి. వేరే పని మీంచి ఆ పొద్దునే మా దగ్గరికి వచ్చాడు. క్రేను నడుపుతున్నది వాడి అన్న, పెద్దోడు. కెటిల్‌ని మళ్ళీ లేపినప్పుడు కింద కనిపించినదాన్ని చూసి ఇది మనిషని, ఇది నా తమ్ముడని చెప్పగలిగింది అతనొక్కడే.

నేను ఆ రోజు అక్కడ లేను. మూతపడ్డ మిల్లు తుక్కు చూడ్డానికి వేరే ఊరు పోయాను. పోలీసులు ప్రమాదమని రాసుకుని వెళ్ళిపోయారు. ప్రమాదమంటే ఎవరి పేరూ లేని సరుకు. పెద్దోడు దాన్ని దించుకోలేదు. తమ్ముణ్ణి సాగనంపి, ఇంటికి పోకుండా మాయమయ్యాడు.

పోయిన వారం కథ ఆగేసరికి నేను షెడ్డు షట్టరు ముందు నిలబడి ఉన్నాను. పట్టపగలు, పనివాళ్ళందరికీ సెలవిచ్చిన షెడ్డులోంచి ఇనప గొలుసు చప్పుడు వస్తోంది. షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి వెళ్ళాను.

లోపల నెయిల్ కట్టర్ ఉంది. అదే కొత్త పని. ఒక లారీ అంత పొడుగు. జేబులో వేసుకునే నెయిల్ కట్టర్ ఎలా ఉంటుందో అలాగే ఉంది. వంగిన రెండు పలకలు, కొసల్లో ఒకదానికొకటి ఎదురుగా పళ్ళలాంటి రెండు అంచులు, మీద పొడుగాటి మీట. ఆ పలకల కోసం నేనే లారీల కమాను పట్టీలు ఏరి ఇచ్చాను. ఉత్త రేకుతో చేసెయ్యరా, నిలబడితే చాలు కదా అంటే వాడు వినలేదు. "కెటిల్ మరుగుతుందా అని ఎవరూ అడగరు బావా. నెయిల్ కట్టర్ కొరకాలి. కొరకనిది బొమ్మ" అన్నాడు. అంచులు సాన పట్టించాడు. వెనక ఉన్న మీట కొసను కిందికి లాగితే ముందున్న అంచులు మూసుకుంటాయి. మీట కొసకి నేలలోంచి చైన్ బ్లాక్ కట్టి ఉంది. చెయ్యి గొలుసు లాగుతుంటే అది ఒక్కో టిక్కుకి ఒక్కో పిసరు బరువును గుంజుకుంటుంది. నిదానంగా, అడ్డం వచ్చినదాన్ని లెక్క చెయ్యకుండా.

బావమరిది అంచుల ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు. కట్టర్‌ని నిలబెట్టిన ఇనప కాలికి వాణ్ణి సరుకు కట్టే తాడుతో కట్టేశారు. కుడి చెయ్యి వేళ్ళ మొదళ్ళ దాకా రెండు అంచుల మధ్య ఉంది. చెంప పగిలి నోట్లోంచి నెత్తురు చొక్కా మీదికి కారి ఎండిపోయింది. వెనక, మీట కొస దగ్గర, గొలుసు చేత పట్టుకుని పెద్దోడు.

"రా సేటూ," అన్నాడు. "షట్టరు సగం ఉంచింది నీ కోసమే."

"తాగావా?"

"తాగుంటే ఈపాటికి నీ బావమరిది ఎడం చేత్తో అన్నం తినడం నేర్చుకుంటుండేవాడు. తాగలేదు కాబట్టే ఇంకా మాట్లాడుతున్నా."

"బావా, నువ్వెళ్ళిపో," అన్నాడు బావమరిది. "ఇది నాకూ అతనికీ మధ్య."

"నోర్ముయ్. చెయ్యి అందులో పెట్టుకుని నాకు పెద్దరికం చెప్తున్నావు."

నేను ఇంకో అడుగు వేశాను. పెద్దోడు గొలుసు ఒకసారి లాగాడు. టిక్కుమంది. బావమరిది గాలి పీల్చుకున్నాడు. ఆగిపోయాను.

చంపడానికి వచ్చినవాడికి, బేరానికి వచ్చినవాడికి తేడా నాకు తెలుసు. చంపేవాడి కళ్ళు సరుకు మీద ఉంటాయి. బేరగాడి కళ్ళు అవతలి వ్యాపారి ముఖం మీద ఉంటాయి. పెద్దోడు నన్నే చూస్తున్నాడు. దాంతో నాకు కొంచెం ధైర్యం వచ్చింది. ఎంత పిచ్చి ధైర్యమో తర్వాత తెలిసింది.

"నీకు కావలసిందేంటో చెప్పు," అన్నాను. "చిన్నోడి పెళ్ళాం పిల్లలు నా మనుషులు. యార్డులో సగం రాయమంటే ఇప్పుడే..."

అతను నేల మీద ఉమ్మాడు. ఆ బేరం అక్కడితో అయిపోయింది.

"నాకు ఒక జోకు కావాలి," అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"ఆ పొద్దున నేను క్యాబిన్‌లో ఉన్నాను. పైనుంచి అంతా కనపడుతుంది, ఏమీ వినపడదు. చిన్నోడు కొక్కెం చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. కెటిల్‌కేసి చూశాడు. ఎవరినో ఏదో అడిగాడు. ఎవరో ఏదో అన్నారు. కెటిల్ అవతలి వైపున్నవాళ్ళు మాత్రం నాకు కనపళ్ళేదు. అందరూ నవ్వారు. వీడు," అని గడ్డంతో బావమరిదిని చూపించాడు, "ఫొటోల వాళ్ళ దగ్గర నిలబడి, ఇటు తిరిగి, వీడూ నవ్వాడు. నా తమ్ముడూ నవ్వాడు. నవ్వుతూనే వెళ్ళి పిడికి కొక్కెం తగిలించాడు. బొటనవేలు పైకెత్తాడు. నేను లివర్ లాగాను."

షెడ్డు రేకుల మీద పావురాలు గోళ్ళతో గీరుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఏమన్నారో, ఎవరన్నారో వీడికి తెలుసు. పొద్దుట్నించీ అడుగుతున్నా. ఆ జోకేంటో చెప్పమను సేటూ. నేనూ నవ్వుతా."

"చెప్పరా," అన్నాను.

బావమరిది తల వంచుకున్నాడు. "నేనే చెప్పాను. పిడికి తగిలించమని నేనే అన్నాను."

"ఎక్కడ నిలబడి అన్నావు?" పెద్దోడి గొంతు మామూలుగానే ఉంది.

"అక్కడే... కెటిల్ పక్కన."

"ఫొటోల వాళ్ళ దగ్గరున్నవాడివి కెటిల్ పక్కన కూడా ఎలా ఉన్నావు? మనుషుల్ని కూడా ఇల్లంత చేస్తావా నువ్వు, అటూ ఇటూ సరిపోయేట్టు?" గొలుసు రెండుసార్లు లాగాడు. టిక్కు, టిక్కు. పై అంచు బావమరిది వేళ్ళ మీద ఆనింది. చర్మం తెగి ఒక ఎర్రటి గీత లేచింది, ఆ గీత నిండి, కింది పలక మీద చుక్కలు పడ్డాయి. వాడు అరవలేదు. పళ్ళు బిగబట్టి ముక్కుతో శబ్దం చేశాడు.

నేను వాణ్ణి చూస్తున్నాను. సూది గుచ్చుకుంటే డాక్టరు దగ్గరికి పరిగెత్తే రకం వీడు. వేలికి బొబ్బ వస్తే అక్క చేత మందు రాయించుకుని యార్డంతా చూపించుకు తిరుగుతాడు. అలాంటివాడు, ఆ కుడి చెయ్యి తప్ప లోకంలో ఇంకే ఆస్తీ లేనివాడు, దాన్ని ఇలా పెట్టి కూర్చున్నాడంటే ఎవరి కోసం? పనివాళ్ళలో ఒకడి కోసమా? వెంటనే చెప్పేసేవాడు. నా కోసమా? నేను ఊళ్ళోనే లేను. ఎటు నుంచి తూచినా ముల్లు ఒకచోటే ఆగుతోంది. తల్లి పోయాక వీణ్ణి ఒళ్ళో వేసుకుని పెంచిన మనిషి ఒకతే. వీడు తన చేతి కంటే ఎక్కువ ఖరీదు కట్టే మనిషి ఒకతే. ఆ పొద్దున కెటిల్ పక్కన నిలబడి అందరికీ టీ పంచిన మనిషి ఒకతే.

వాడి మీంచి చూపు తిప్పుకున్నాను.

"నీకు తెలిసినట్టుంది సేటూ," అన్నాడు పెద్దోడు. "ముఖం మారింది."

బేరంలో ముఖం మార్చకూడదని కొత్తగా వచ్చే గుమాస్తాలకి నేనే చెప్తాను.

"నాకేం తెలీదు."

"తెలుసు. చెప్పు. నువ్వు చెప్తే వీడి చెయ్యి వదిలేస్తా. ఒక మాటకి ఒక చెయ్యి. ఇంతకంటే చవగ్గా ఎవరిస్తారు?"

బావమరిది తలెత్తి నావైపు చూశాడు. "బావా," అన్నాడు. అంతే అన్నాడు. చెప్పొద్దని ఆ ఒక్క మాటలోనే ఉంది.

చెప్తే చెయ్యి దక్కుతుంది, పెళ్ళాం పోతుంది. చెప్పకపోతే చెయ్యి పోతుంది, ఈ మనిషి ఇక్కడితో ఆగడు. రెండు వైపులా నష్టమే ఉన్నప్పుడు తెలివైన వ్యాపారి దుకాణం మూసేసి ఇంటికి పోతాడు. నేను తెలివితక్కువ పని చేశాను. పక్కన గోడకి ఆనించి ఒక ఇనప గొట్టం ఉంది. అది అందుకుని అతని మీదికి పరిగెత్తాను.

నా వయసులో పరుగంటే నలుగురికీ నవ్వొచ్చే సంగతి. అతను గొలుసు వదల్లేదు, పక్కకి ఒరిగాడు. తలకి గురిపెట్టిన దెబ్బ భుజం మీద పడింది. ఏదో విరిగిన చప్పుడు విన్నాను. సంతోషం వేసింది, దాచుకోను. రెండోసారి ఎత్తేలోపు అతని బూటు నా మోకాలి మీద పడింది. ఈసారి విరిగిన చప్పుడు నాది. పడుతూ పడుతూ అతని చొక్కా పట్టుకున్నాను. ఇద్దరం కలిసి పడ్డాం. నా ముక్కు మీద అతని మోచెయ్యి దిగింది. అతని చెవి నా పళ్ళకి దొరికింది. కొరికాను. నోట్లోకి వెచ్చటి ఉప్పు వచ్చింది. అతను నా తల పట్టుకుని నేలకేసి కొట్టాడు, మళ్ళీ కొట్టాడు. ఇదంతా జరుగుతున్నంతసేపూ గొలుసు అతని ముంజేతికి చుట్టుకునే ఉంది. మా ఇద్దరి బరువూ దాని మీదే పడుతోంది. ఆ సంగతి మాకు తట్టలేదు.

టిక్కు టిక్కు టిక్కుమని ఆగకుండా వినిపించింది. తర్వాత బావమరిది అరుపు.

ఆ అరుపు గురించి నేను రాయను.

ఇద్దరం ఒక్కసారే ఆగిపోయాం. పెద్దోడు నన్ను తోసేసి లేచి, గొలుసును వెనక్కి తిప్పి లాగాడు. మీట లేచింది, అంచులు విడిపోయాయి. చిటికెన వేలూ దాని పక్క వేలూ కింద సిమెంటు మీద ఉన్నాయి. రంగు అంటిన గోళ్ళు. బావమరిది చేతిని పొట్టలోకి దోపుకుని, కట్టు తాడు మీద వేలాడుతూ, ఇల్లంత వస్తువులు చేసిన మనిషి చిన్న మూటలా ముడుచుకుపోయాడు.

"నేను లాగలేదు," అన్నాడు పెద్దోడు. అతని చెవి సగం వేలాడుతోంది, మెడంతా నెత్తురు. "నువ్వు పడేశావు. నేను లాగలేదు సేటూ."

అవును. దెబ్బ నాది, వేళ్ళు వాడివి. ఆ ఖాతా ఇవాళ్టికీ నా పేరు మీదే ఉంది.

షట్టరు దగ్గర వెలుగు కదిలింది. మా ఆవిడ వంగి లోపలికి వచ్చింది. చిన్నోడి పెళ్ళాం పక్కన కూర్చోవడానికి రోజూ వెళ్తోంది, అక్కణ్ణించే వస్తున్నట్టుంది. ముగ్గుర్నీ చూసింది. నేల మీదున్నవాటిని చూసింది. కేకలు పెట్టలేదు. బల్ల మీంచి ఉతికిన తువ్వాలు తీసుకుని నేరుగా తమ్ముడి దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

"చెయ్యి ఇటివ్వు."

"అక్కా, నువ్వెందుకొచ్చావు? వెళ్ళిపో."

"ఇవ్వరా. చిన్నప్పట్నించీ ఇంతే నువ్వు, బొబ్బొస్తే అందరికీ చూపిస్తావు, పెద్ద దెబ్బ తగిలితే దాచుకుంటావు." గట్టిగా చుట్టి ముడి వేసింది. తెల్ల తువ్వాలు చూస్తుండగానే రంగు మారింది. "పైకి ఎత్తి పట్టుకో. గుండె కంటే పైకి. అదీ."

అప్పుడు పెద్దోడి వైపు తిరిగింది.

"అన్నది నేను," అంది.

"వద్దు," అన్నాన్నేను. దెబ్బలకి నా నోట్లో రెండు పళ్ళు ఊడాయి, మాట సరిగ్గా రాలేదు.

"మీరు ఊరుకోండి. చిన్నోడి పెళ్ళాం ముందు కూర్చుని ఇన్నాళ్ళూ మింగాను. ఇంక మింగలేను." పెద్దోడి ముఖంలోకే చూస్తూ చెప్పింది. "అందరికీ టీ పోస్తున్నాను. కప్పులు చాలలేదు, చిరాగ్గా ఉన్నాను. చిన్నోడు వచ్చి, 'అక్కా, కొక్కెం ఎక్కడ తగిలించను?' అన్నాడు. లోపల రింగులున్నాయని కొత్తగా వచ్చినవాడికి తెలీదు, తెలీదని నాకు తట్టలేదు. ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. 'మీ ఇంట్లో కెటిల్‌ని ఎక్కడ పట్టుకుని ఎత్తుతారయ్యా? మూతి పట్టుకునా?' అన్నాను. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. నేను అటు తిరిగి మళ్ళీ టీ పోసుకుంటున్నాను."

కిందికి జారుతున్న తమ్ముడి చేతిని మళ్ళీ పైకి ఎత్తింది.

"నేను జోకేశాను. అతను అక్క చెప్పిందనుకున్నాడు."

పెద్దోడి ఛాతీలోంచి ఒక శబ్దం వచ్చింది. నవ్వుతానన్నాడుగా, నవ్వబోయాడు. అది దగ్గులా వచ్చి మధ్యలో తెగిపోయింది.

"ఇంతేనా?" అన్నాడు.

"ఇంతే."

"మా ఇంట్లో కెటిల్ లేదక్కా," అన్నాడు. "గిన్నెలోనే కాచుకుంటాం."

ఇంతకు ముందు చావులు చూశాను, చంపుకోవడాలు చూశాను, మిషన్లలో పడి పోయినవాళ్ళని ఏరి ఎత్తాను. ఆ మాటకి మా ఆవిడ ముఖం ఎలా అయిందో అలాంటిది మాత్రం ఎక్కడా చూడలేదు.

పెద్దోడు విరిగిన భుజాన్ని ఒక చేత్తో పట్టుకుని అంచుల దగ్గరికి నడిచాడు. వెళ్ళిపోతాడనుకున్నాను. అడిగిన సరుకు దొరికింది, ధర కంటే ఎక్కువే ముట్టింది. ఏ వ్యాపారికైనా లెక్క అక్కడితో చెల్లు. కానీ అతను వ్యాపారి కాడు. బల్ల మీదున్న గ్రైండర్ తీసుకున్నాడు. ఇనుము కోసే పల్చటి చక్రం బిగించి ఉంది. స్విచ్చి నొక్కాడు. షెడ్డంతా ఒకటే రొద. దాన్ని తీసుకెళ్ళి, తాడుకి వేలాడుతున్న బావమరిది మెడ పక్కన పెట్టాడు. తగిలీ తగలనట్టు. ఆ గాలికి వాడి జుట్టు కదులుతోంది.

మా ఆవిడ లేవబోయింది.

"కూర్చో అక్కా. కదిలితే నా చెయ్యి వణుకుతుంది. ఒక్క చేత్తో పట్టుకున్నా, చూస్తున్నావుగా."

ఆమె కూర్చుంది.

"సేటూ," అని కేకేశాడు, ఆ రొదలో వినపడాలని. "గొలుసు పక్కనే పడున్నావు. అందుకో."

"ఎందుకు?"

"అక్క చెయ్యి అందులో పెడుతుంది. నువ్వు లాగుతావు."

"నీకు పిచ్చి పట్టింది."

"పట్టనీ. మీ అందరికీ ఒక సౌకర్యం ఉంది సేటూ. ఒకరు జోకేశారు. ఒకరు నవ్వారు. ఒకరు ఊళ్ళో లేరు. లివర్ లాగింది నేను. నా తమ్ముడి మీద, ఈ చేత్తో. దారిన పోయే ప్రతివాడూ నా భుజం తట్టి నీ తప్పేం లేదురా అంటున్నాడు. ఆ మాట విన్నప్పుడల్లా లోపల ఎలా ఉంటుందో ఇంకొకడికి తెలియాలి. ఒక్కడికి తెలిసినా చాలు."

"నన్ను పెట్టు అందులో. నా తల పెట్టు."

"నిన్ను పెడితే నీకు నొప్పి తెలుస్తుంది. నేనిచ్చేది నొప్పి కాదు."

తుక్కు ఇనుము దగ్గర్నుంచి తుక్కు మనుషుల దాకా అందరితో బేరమాడాను. డబ్బు కావాలన్నవాడికి డబ్బు, పరువు కావాలన్నవాడికి పరువు చూపించి ఏదో ఒక చోట రాజీ చేసుకున్నాను. తన దగ్గరున్నదాన్ని వదిలించుకోవాలని తప్ప ఇంకేమీ కోరనివాడితో బేరం ఎలా మొదలుపెడతారు?

గ్రైండర్ కాస్త కిందికి వంగింది. బావమరిది కాలర్ తెగి దారాలు ఎగిరాయి. మెడ మీద సన్నటి గీత పడింది. దాంట్లోంచి నెత్తురు చిన్న చిన్న తుంపరలుగా లేచి పెద్దోడి ముఖం మీద పడింది. అతను కళ్ళార్పలేదు.

మా ఆవిడ లేచి నిలబడింది. ఈసారి అతను ఆపలేదు. ఆమె చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టింది, ఏ పని మొదలుపెట్టే ముందైనా పెట్టినట్టే. కుడి చెయ్యి తీసుకెళ్ళి తమ్ముడి నెత్తురు ఇంకా తడిగా ఉన్న ఆ రెండు అంచుల మధ్య, మణికట్టు దాకా పెట్టింది.

"అక్కా, తియ్యి. అక్కా." బావమరిది ఏడుస్తున్నాడు. "బావా, నీకు దండం పెడతాను, లాగకు. వాడు నన్ను కోసుకోనీ."

"వాడి మాట వినకండి," అంది మా ఆవిడ. ఇంటి సరుకులు చెప్పే గొంతుతోనే చెప్పింది. "చెయ్యి పోతే మనిషి బతుకుతాడు. మెడ పోతే బతకడు. మీకు లెక్కలు నేను చెప్పాలా? లాగండి."

పెద్దోడు నావైపు చూస్తున్నాడు. ఆ కళ్ళలో కోపం లేదు. తోడు కోసం చూసే చూపది. అందుకే దాన్నించి తప్పించుకునే దారి లేదు.

ఇన్నేళ్ళ వ్యాపారంలో ఎదుటివాడు చెప్పిన మొదటి ధరకి నేను ఏ సరుకూ తీసుకోలేదు. పగిలిన మోకాలిని ఈడ్చుకుంటూ లేచి మీటకి ఆనుకున్నాను. గొలుసు చల్లగా ఉంది. రెండు చేతులతో పట్టుకున్నాను. మా ఆవిడ కళ్ళు మూసుకుంటే బాగుండుననిపించింది. ఆమె మూసుకోలేదు.

లాగాను.